ఆకుపచ్చ పేజీ: ఒక జన్యు పరీక్ష ప్యాకేజీపై సమీక్ష

హెచ్‌ఐవీ ఉన్నవారి కోసమంటూ ఒక ప్రైవేటు సంస్థ అమ్ముతున్న జన్యు పరీక్ష ప్యాకేజీని మా మేనత్త కొడుకు ఈ ఏడాది సంక్రాంతి వెళ్లాక రూ. 14,500 పెట్టి కొన్నాడు. రక్తం ఇచ్చింది, డబ్బు కట్టింది అతడే అయినా, ఇంగ్లీషులో వచ్చిన 22 పేజీల నివేదికను అక్షరం వదలకుండా చదివే పని మాత్రం నా మీద పడింది. శ్రీకాకుళంలో ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరైన బావ ఉండగా ఇంకెవరికో ఎందుకు చూపించాలని అతడి లెక్క. ఈ సమీక్షను అతడి అనుమతితోనే రాస్తున్నాను. అతడి పేరు, ఊరు చెప్పను. మా బావమరిది అనే వ్యవహరిస్తాను. సంస్థ పేరు కూడా రాయడం లేదు. ఇలాంటి ప్యాకేజీలు అమ్మేవారు వేరే కూడా ఉండవచ్చు, చూడవలసిన విషయాలు ఎక్కడైనా ఇవే.

అతడు ఈ పరీక్షకు ఎందుకు వెళ్లాడో చెప్పకపోతే నివేదిక విలువను తూచడం కష్టం. ఉద్దానం వాడు, పలాస ప్రాంతంలో జీడిపప్పు పనిలో ఉండేవాడు. 2008లో హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. ఉచిత మందుల పథకం 2004 ఏప్రిల్‌లోనే మొదలైనా, ఆ రోజుల్లో పాజిటివ్ వచ్చిన ప్రతివారికీ వెంటనే మందులు ఇచ్చేవారు కాదు. రక్తంలో సీడీ4 అనే, రోగనిరోధక శక్తికి కీలకమైన తెల్ల కణాల సంఖ్య ఒక హద్దు కన్నా తగ్గాలి. ఆ హద్దు మొదట 200గా ఉండి, తర్వాత 350కి, 500కి పెరిగి, 2017లో పూర్తిగా పోయింది. అప్పటి నుంచి నిర్ధారణ అయిన వారందరికీ వెంటనే మందులు ఇస్తున్నారు. మా బావమరిది తొమ్మిదేళ్లపాటు ఆరు నెలలకోసారి ప్రభుత్వం మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లి సీడీ4 పరీక్ష చేయించుకుని ఒట్టి చేతులతో తిరిగి వచ్చాడు. అతడి లెక్క ఒక్కసారి కూడా 500 దిగువకు రాలేదు. అదే ఏడాది అదే కేంద్రంలో పేరు నమోదు చేయించుకున్న తోటి పనివాడికి మూడేళ్లు తిరక్కుండానే సీడీ4 200 లోపుకు పడిపోయి, టీబీ పట్టుకుని, నెలల తరబడి మంచం మీద ఉండి, చివరకు మందులతోనే లేచాడు.

“ఆడు మూడేళ్లకే మంచమెక్కీసినాడు బావా, నాకేటీ అవ్వనేదు. ఆడి రగతం ఏటి, నా రగతం ఏటి?” అని అతడు నన్ను ఎన్నోసార్లు అడిగాడు. ఇది తెలివైన ప్రశ్న. పరిశోధకులు నలభై ఏళ్లుగా అడుగుతున్నదీ ఇదే. మందులు లేకపోతే హెచ్‌ఐవీ సోకిన నాటి నుంచి ఎయిడ్స్ దశకు చేరడానికి సగటున పదేళ్లు పడుతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి గానీ, రెండు మూడేళ్లలోనే క్షీణించేవారు ఉన్నారు, పదిహేనేళ్లు దాటినా సీడీ4 చెక్కుచెదరనివారు ఉన్నారు, మందు బిళ్ల ముట్టకుండానే వైరస్ రక్తంలో పరీక్షకు అందనంత తక్కువగా ఉండేవారు నూటికి ఒకరి కన్నా తక్కువ సంఖ్యలోనైనా ఉన్నారు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. 2008 అన్నది ఇద్దరికీ పరీక్షలో తేలిన సంవత్సరమే తప్ప వైరస్ సోకిన సంవత్సరం కాదు. ఆ రెండోవాడికి అంతకు ఏడెనిమిదేళ్ల ముందే సోకి ఉంటే ఇద్దరి పోలికకు అర్థమే లేదు. ఈ మాట నేను చెప్పినా అతడికి రుచించలేదు. సంస్థవారి ప్రకటన మాత్రం రుచించింది: “మీ వ్యాధి వేగం మీ జన్యువుల్లో రాసి ఉంది.”

సేవ మొదటి మెట్టులోనే కాలు జారింది. అతడు సోంపేట దగ్గర రైలెక్కి, ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగి, ఆటోలో పట్టణంలోకి వచ్చాడు. నేను కూడా వెంట వెళ్లాను. నమూనా సేకరణ కేంద్రం ఒక మేడ మీద ఉంది. ముందు గదిలో షుగరు పరీక్షకు, థైరాయిడ్ పరీక్షకు వచ్చినవారు పది మంది కూర్చుని ఉండగా, బల్ల దగ్గరి కుర్రాడు కంప్యూటరులో చూసి, పేరుతోపాటు ప్యాకేజీ పేరును కూడా గట్టిగా చదివాడు. ప్యాకేజీ పేరులోనే హెచ్‌ఐవీ అన్న మాట ఉంది. గదిలో తలలు తిరిగాయి. మా బావమరిది లేచి నిలబడలేదు. ఆ పేరు తనది కానట్టు గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చుండిపోయాడు. నేనే లేచి ఆ కుర్రాడి దగ్గరకు వెళ్లి లోపలి గదిలో మాట్లాడదామని చెప్పవలసి వచ్చింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఒక వ్యక్తి హెచ్‌ఐవీ స్థితిని అతడి సమ్మతి లేకుండా బయటపెట్టరాదు. ఆ కుర్రాడికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. అతడి తప్పు కన్నా, ప్యాకేజీకి ఆ పేరు పెట్టి అలాగే కంప్యూటరులోకి ఎక్కించినవారి తప్పు పెద్దది. ప్రభుత్వ కేంద్రంలో అన్నేళ్లుగా ఎప్పుడూ తనకు ఇలా జరగలేదని తిరుగు ప్రయాణంలో అతడే అన్నాడు.

నివేదిక అయిదు వారాలకు వచ్చింది. నాణ్యమైన కాగితం, రంగుల బొమ్మలు, అట్ట మీద మెలి తిరిగిన డీఎన్‌ఏ నిచ్చెన ఉన్నాయి. ప్రతి జన్యువుకూ ఒక పేజీ, ప్రతి పేజీ పైన ఒక రంగు పట్టీ. ఎరుపైతే ప్రతికూలం, పసుపైతే మధ్యస్థం, ఆకుపచ్చ అయితే అనుకూలం. చదువు రానివారికి కూడా అర్థమయ్యే పద్ధతి కదా అని మొదట మెచ్చుకున్నాను. చదవడం పూర్తయ్యాక ఆ పట్టీల మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

ఎర్ర పేజీతో మొదలుపెడతాను. అది సీసీఆర్5 జన్యువుది. హెచ్‌ఐవీ ఒక తెల్ల రక్తకణంలోకి చొరబడాలంటే ఆ కణం పైన ఉండే సీడీ4 అనే ప్రోటీనును పట్టుకోవడం ఒక్కటే చాలదు. పక్కనే ఉండే రెండో ప్రోటీను కూడా దొరకాలి. చాలా సందర్భాల్లో ఆ రెండోది సీసీఆర్5. ఈ జన్యువులో 32 డీఎన్‌ఏ అక్షరాల ముక్క ఊడిపోయిన రూపం ఒకటి ఉందని 1996లో కనిపెట్టారు. దానికి డెల్టా 32 అని పేరు. తల్లి నుంచి, తండ్రి నుంచి కూడా ఊడిపోయిన రూపమే వచ్చినవారి కణాల మీద ఆ తలుపు అసలు ఉండదు కాబట్టి సాధారణ రకం హెచ్‌ఐవీ వారికి దాదాపుగా సోకదు. ఒక్కవైపు నుంచే వచ్చినవారికి సోకుతుంది గానీ ఎయిడ్స్ దశ రావడం సుమారు రెండేళ్లు ఆలస్యమవుతుంది. బెర్లిన్ పేషంటుగా పేరుపడిన టిమతీ రే బ్రౌన్‌కు రక్త క్యాన్సరు చికిత్సలో భాగంగా 2007లో ఇలాంటి దాత మూలకణాలనే ఎక్కించారు, హెచ్‌ఐవీ కూడా పోయింది. ఇదంతా నిజమే, నివేదికలో కూడా చక్కగానే రాశారు. రాయనిది ఏమిటంటే, ఈ డెల్టా 32 ప్రధానంగా యూరప్ సంతతి వారిలో, అందులోనూ ఉత్తర యూరప్ వారిలో కనబడుతుంది. వారిలో కూడా రెండువైపుల నుంచీ వచ్చినవారు నూటికి ఒకరు. మనవాళ్లలో అది చాలా అరుదు. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా ఎవరి రక్తం పంపినా దాదాపుగా ఈ పేజీకి ఎర్ర పట్టీయే వస్తుంది. మా బావమరిదికి కూడా వచ్చింది. “ప్రతికూలం” అన్న మాట చూసి అతడికి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అందరికీ ఉన్నదే తనకూ ఉందని, అది జబ్బు కాదని, సీసీఆర్5 మామూలుగా ఉండడమే మనిషికి సహజమని ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది.

ఆకుపచ్చ పేజీ అసలు కథ. హెచ్‌ఎల్‌ఏ జన్యువుల సంగతి అందులో ఉంది. తరగతి గదిలో ఈ పాఠాన్ని నేను పళ్లెం ఉపమానంతో చెప్పేవాడిని. మన శరీరంలో ప్రతి కణమూ లోపల తయారవుతున్న ప్రోటీన్లను ముక్కలు చేసి, వాటిని చిన్న పళ్లేల్లో పెట్టి గుమ్మం ముందు ప్రదర్శిస్తుంది. వీధిలో గస్తీ తిరిగే సీడీ8 కణాలు ఆ ముక్కలను చూస్తూ వెళతాయి. ఇంటి వంటే కనిపిస్తే ముందుకు పోతాయి, పరాయి ముక్క కనిపిస్తే ఆ కణాన్ని చంపేస్తాయి. ఆ పళ్లేలే హెచ్‌ఎల్‌ఏ ప్రోటీన్లు. పళ్లెం గుంట ఆకారం మనిషికీ మనిషికీ మారుతుంది. ఒకరి పళ్లెంలో ఇమిడే ముక్క ఇంకొకరి పళ్లెంలో ఇమడదు. తల్లిదండ్రుల నుంచి వేర్వేరు పళ్లేలు వస్తే ఎక్కువ రకాల ముక్కలను చూపించవచ్చు. రెండువైపుల నుంచీ ఒకే రకం వచ్చినవారిలో హెచ్‌ఐవీ వేగంగా ముదురుతుందని 1999లో తేలడానికి కారణం ఇదే.

ఈ పళ్లేల్లో బి57, బి27 అనే రకాలు ఉన్నవారిలో వ్యాధి నెమ్మదిగా నడుస్తుందని, బి35లో కొన్ని ఉపరకాలు ఉన్నవారిలో త్వరపడుతుందని చాలాకాలంగా తెలుసు. బి57 గొప్పతనం అది చూపించే ముక్కలో ఉంది. వైరస్ తన జన్యుపదార్థం చుట్టూ కట్టుకునే పెంకు గ్యాగ్ అనే ప్రోటీనుతో తయారవుతుంది. బి57 పళ్లెం ఆ పెంకులోని కీలకమైన భాగాలనే పట్టి చూపిస్తుంది. తప్పించుకోవాలంటే వైరస్ ఆ భాగాన్ని మార్చుకోవాలి. మార్చుకుంటే పెంకు సరిగా కట్టుకోలేక, పిల్లల్ని పుట్టించుకునే జోరు తగ్గిపోతుంది. దొంగ తన వేలిముద్ర చెరిపేసుకోవాలంటే వేలే కోసుకోవలసి వచ్చినట్టన్నమాట. వేల మంది రక్త నమూనాలను పోల్చి చూసిన 2010 నాటి అంతర్జాతీయ అధ్యయనంలో కూడా, వైరస్‌ను మందు లేకుండా అదుపు చేసేవారికీ చేయలేనివారికీ మధ్య ప్రధానమైన జన్యు తేడా ఈ పళ్లెం గుంటలోని కొన్ని అమైనో ఆమ్లాల దగ్గరే కనబడింది.

మా బావమరిది ఆకుపచ్చ పేజీలో పెద్ద అక్షరాలతో “హెచ్‌ఎల్‌ఏ-బి57: ఉంది. అనుకూలం. నెమ్మదైన పురోగతి” అని రాశారు. తొమ్మిదేళ్లు సీడీ4 ఎందుకు నిలబడిందన్న అతడి ప్రశ్నకు ఇది బలమైన జవాబే. పూర్తి జవాబని అనను, ఆ రోజుల్లో వైరల్ లోడ్ పరీక్ష మామూలుగా చేసేవారు కాదు కాబట్టి మందు లేనప్పుడు అతడి రక్తంలో వైరస్ ఎంత ఉండేదో ఎవరికీ తెలియదు. అయినా ఇంతవరకూ సంస్థకు నేను మంచి మార్కులే వేసేవాడిని. నివేదికతోపాటు ఫోనులో అరగంట కౌన్సెలింగ్ కూడా ప్యాకేజీలో భాగం. ఫోను చేసిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, తెలుగు కూడా బాగుంది. “మీరు చాలా అదృష్టవంతులు సార్, ఇలాంటి జీన్ అందరికీ ఉండదు” అంది. కిడ్నీల గురించి గానీ, వాడుతున్న మందుల గురించి గానీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఫోను పెట్టేశాక అతడు నా వైపు తిరిగి అడిగిన మాట వినగానే ఈ సేవలోని అసలు ప్రమాదం నాకు అర్థమైంది. “అలాగైతే బావా, మందులు మానీవచ్చేటి?” జన్యువు అనుకూలంగా ఉందని చెప్పి, దాంతో మందు మానకూడదని చెప్పకపోవడం సగం వైద్యమే. సీడీ4 500 పైన ఉన్నవారికి కూడా వెంటనే మందులు మొదలుపెడితే తీవ్రమైన జబ్బులు, మరణాలు కలిపి చూస్తే సగానికి పైగా తగ్గాయని 2015లో ఫలితాలు వెలువడిన స్టార్ట్ అనే అంతర్జాతీయ పరీక్షలో తేలింది. నెమ్మదిగా నడిచే వ్యాధి కూడా వ్యాధే. పైగా మందులు వాడుతూ వైరల్ లోడ్ పరీక్షకు అందనంత తక్కువగా ఉంటే భార్యకు సోకదు, మానేస్తే ఆ రక్షణ పోతుంది. ఇదంతా నేను చెప్పాను, ఒప్పుకున్నాడు. చెప్పేందుకు ఇంట్లో ఎవరూ లేనివాడి సంగతి ఆ అమ్మాయి గానీ ఆమెకు జీతమిచ్చేవారు గానీ ఆలోచించినట్టు కనబడదు.

ఏఆర్‌టీ కేంద్రంలోని డాక్టరమ్మగారికి నివేదిక చూపించాలని పట్టుబట్టింది నేనే. అందుకు వేరే కారణం ఉంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మన జిల్లాలో ఎవరికీ చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కారణం ఇదీ అని తేలకుండానే దశాబ్దాలుగా మనుషుల కిడ్నీలు పాడవుతున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో ఆ జబ్బు కోసమే ఒక పరిశోధన ఆసుపత్రి కూడా తెరిచారు. మా బావమరిది 2017లో మొదలుపెట్టిన మందులో టెనోఫోవిర్ ఉంది. రాత్రి పడుకునే ముందు వేసుకునే ఆ మిశ్రమంలోని ఎఫావిరెంజ్ వల్ల అతడికి విచిత్రమైన కలలు వచ్చేవి. అందులో కూడా జన్యువుల పాత్ర ఉంది. ఆ మందును కాలేయంలో కరిగించే సీవైపీ2బీ6 అనే ఎంజైమ్ కొందరిలో పుట్టుకతోనే మందకొడిగా ఉండి, మందు రక్తంలో పేరుకుపోతుంది. తర్వాత ఎఫావిరెంజ్ స్థానంలో డోలుటెగ్రవిర్ వచ్చి కలలు పోయాయి గానీ టెనోఫోవిర్ కొనసాగింది. అది కిడ్నీల మీద భారం వేయగల మందు. కిడ్నీల పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ రెండేళ్లలో 1.1 నుంచి 1.8కి చేరింది. డోలుటెగ్రవిర్ వల్ల కూడా, కిడ్నీలు దెబ్బతినకుండానే క్రియాటినిన్ అంకె కొద్దిగా పెరుగుతుంది, అయితే ఆ పెరుగుదల మామూలుగా 0.1, 0.2ను మించదు. ఇది అంతకు చాలా పైన ఉంది. మూత్రంలో ప్రోటీన్ కూడా పోతోంది. టెనోఫోవిర్ ఆపి అబాకవిర్ ఇవ్వాలని డాక్టరమ్మగారు అంతకు ముందు నెలే చెప్పి ఉన్నారు.

ఆమె నివేదికను తిప్పిన తీరు చూడవలసింది. రంగు పట్టీల పేజీలన్నీ బొటనవేలితో ఒక్కసారిగా దాటించేసి, వెనక 19వ పేజీలో చీమ తలకాయలంత అక్షరాలతో వేసిన పట్టిక దగ్గర ఆగారు. కళ్లద్దాలు పైకెత్తి, కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకుని చదివారు. “హెచ్‌ఎల్‌ఏ-బి: 57:01, 40:06.” మొదటి అంకెల కింద బాల్‌పెన్నుతో ఒక గీత గీశారు. తర్వాత అతడి మందుల పుస్తకం తీసుకుని, ఎర్ర సిరాతో అట్ట లోపలివైపు పెద్దగా “అబాకవిర్ ఇవ్వరాదు” అని రాసి, కింద సంతకం చేసి, తేదీ వేశారు. “మీరు పెట్టిన డబ్బంతా ఈ ఒక్క లైనుకే అనుకోండి మాస్టారూ” అన్నారు నాతో. “ఇది చెప్పవలసినవాళ్లు చెప్పలేదు.”

అబాకవిర్ అనే మందు చాలామందికి సురక్షితమైనదే. కాని బి57లో 57:01 అనే ఉపరకం ఉన్నవారిలో దాదాపు సగం మందికి ఆ మందు మొదలుపెట్టిన ఆరు వారాల్లోపు జ్వరం, దద్దుర్లు, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వంటి తీవ్రమైన ప్రతిచర్య వస్తుంది. లక్షణాలను మామూలు జ్వరంగా భావించి మందు ఆపి, తగ్గాక మళ్లీ వేసుకుంటే ప్రాణమే పోవచ్చు. కారణం మళ్లీ ఆ పళ్లెమే. అబాకవిర్ బిళ్లలోని అణువు 57:01 పళ్లెం గుంటలో ఒక మూల చేరి కూర్చుంటుంది. దాంతో గుంట ఆకారం మారిపోయి, పళ్లెంలోకి అంతకు ముందు ఎప్పుడూ రాని సొంత ముక్కలు వచ్చి చేరతాయి. గస్తీ కణాలు ఇంటి వంటను చూసి పరాయిదనుకుని ఒంటి మీద విరుచుకుపడతాయి. ఈ జన్యువుకూ ఈ ప్రతిచర్యకూ ఉన్న సంబంధం 2002లో బయటపడింది. మందు ఇచ్చే ముందు జన్యు పరీక్ష చేసి, 57:01 ఉన్నవారిని పక్కన పెడితే రోగనిరోధక పరీక్షలో నిర్ధారణ అయ్యే ప్రతిచర్యలు పూర్తిగా లేకుండా పోయాయని 2008లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. హెచ్‌ఐవీ వైద్యంలో రోగికి నేరుగా పనికివచ్చే జన్యు పరీక్ష ఏదైనా ఉందంటే మొదట చెప్పవలసినది ఇదే.

అంటే వ్యాధిని తొమ్మిదేళ్లు నిలబెట్టిన పళ్లెమే ఈ మందుతో కలిస్తే ప్రాణం తీయగలదు. అటువంటి ఫలితం చేతిలో పెట్టుకుని, దాని పైన ఆకుపచ్చ పట్టీ వేసి, అనుకూలమని ముద్ర కొట్టి పంపారు. అబాకవిర్ అన్న పేరు 22 పేజీల్లో ఎక్కడా లేదు. నేను రెండుసార్లు వెతికాను. పరీక్ష తప్పు చేయలేదు, ప్రయోగశాల సరిగ్గానే చదివింది, ఉపరకం దాకా స్పష్టంగా ఇచ్చింది. దాన్ని మనిషికి అర్థమయ్యే మాటగా మార్చవలసిన చోట చేతులు ఎత్తేశారు. తప్పు ఫలితం ఇచ్చి ఉంటే ఇంత బాధ కలిగేది కాదేమో.

ఇక ఆ ప్రకటన సంగతి. వ్యాధి వేగం జన్యువుల్లో రాసి ఉందన్న మాట ఎంతవరకు నిజం? యూరప్ సంతతికి చెందిన ఆరు వేల మందికి పైగా హెచ్‌ఐవీ ఉన్నవారి మీద జరిగి 2015లో వెలువడిన అధ్యయనంలో, మనిషికీ మనిషికీ మధ్య వైరల్ లోడ్‌లో కనిపించే తేడాలో సుమారు నాలుగో వంతు మాత్రమే వారి జన్యువులతో వివరించగలిగారు. మిగతాది ఎక్కడుంది? కొంత వైరస్‌లోనే ఉంది. మన దేశంలో ఎక్కువగా ఉన్నది సి ఉపరకం. ఆఫ్రికాలో డి ఉపరకం సోకినవారిలో వ్యాధి వేగంగా ముదురుతుందని ఉగాండాలో చూశారు. నెదర్లాండ్స్‌లో సీడీ4ను మామూలు కన్నా రెట్టింపు వేగంతో తగ్గించే రకం ఒకటి ఉందని 2022లో ప్రకటించారు. కొంత వయసులో ఉంది, పెద్ద వయసులో సోకితే త్వరగా క్షీణిస్తారు. కొంత టీబీ వంటి తోడు జబ్బుల్లో ఉంది, ఆ తోటి పనివాడి కథలో బహుశా అదీ ఒక పాత్రధారి.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా తోచేది, ఈ నివేదిక కనీసం ప్రస్తావించనిది, రోగనిరోధక వ్యవస్థ ఎంత ఉద్రేకంగా ఉందన్న విషయం. ఆఫ్రికాలోని సూటీ మంగబీ అనే కోతుల్లో హెచ్‌ఐవీకి బంధువైన వైరస్ ఉంటుంది, వాటి రక్తంలో వైరల్ లోడ్ కూడా ఎక్కువే, అయినా వాటికి ఎయిడ్స్ దాదాపుగా రాదు. వాటి రోగనిరోధక వ్యవస్థ మొదట్లో స్పందించి, తర్వాత చల్లబడి ఊరుకుంటుంది. మనుషుల్లో అలా ఊరుకోదు. వైరస్ సోకిన మొదటి వారాల్లోనే పేగుల గోడలోని సీడీ4 కణాలు పెద్ద ఎత్తున నశించి, ఆ గోడ పలచబడి, పేగుల్లోని సూక్ష్మజీవుల అంశాలు రక్తంలోకి కారుతూ ఉంటాయని 2006లో చూపించారు. దాంతో తెల్ల కణాలు రాత్రింబవళ్లు మేల్కొనే ఉండి, పోరాడి పోరాడి అలసిపోతాయి. వైరస్ నేరుగా చంపే కణాల కన్నా ఈ అలజడిలో నశించేవే ఎక్కువ. ఈ అలజడిని కొలిచే సూచికలు ఉన్నాయి, సీడీ4, సీడీ8 నిష్పత్తి వంటి సులువైనవి కూడా ఉన్నాయి. మా బావమరిది మందుల పుస్తకంలో పదిహేడేళ్ల సీడీ4 అంకెలు వరుసగా రాసి ఉన్నాయి. వ్యాధి వేగం తెలుసుకోవడానికి ఆ చేతిరాత అంకెల కన్నా మంచి సాక్ష్యం ఏ జన్యు పరీక్షలోనూ దొరకదు. సంస్థవారు ఆ పుస్తకం ఒక్కసారి చూపించమని కూడా అడగలేదు.

కాబట్టి నా తీర్పు ఇది. ప్రయోగశాల పనితనానికి అయిదులో నాలుగు ఇస్తాను. నివేదిక రాసిన తీరుకు ఒకటి. గోప్యతకు సున్నా. మొత్తం మీద రెండు. వ్యాధి ఎంత వేగంగా నడుస్తుందో తెలుసుకోవాలన్న కుతూహలంతో ఎవరైనా దీన్ని కొనాలనుకుంటే వద్దంటాను. మందులు క్రమంగా వేసుకుంటూ వైరల్ లోడ్ అదుపులో ఉన్నవారికి ఆ ప్రశ్నకు జవాబు తెలిసినా మారేదేమీ లేదు. డాక్టరు అబాకవిర్ మొదలుపెట్టాలని ఆలోచిస్తున్నప్పుడు మాత్రం హెచ్‌ఎల్‌ఏ-బి 57:01 పరీక్ష ఒక్కదాన్నీ విడిగా చేయించుకోవడం మంచిది. దానికి ఇంత ఖర్చు కాదు, 22 పేజీలూ అక్కరలేదు. పరీక్షకు ఒప్పుకునే ముందు ప్యాకేజీ పేరును బయట పిలవకూడదని, నివేదికను మీ ఫోనుకు తప్ప ఇంకెవరికీ పంపకూడదని రాతపూర్వకంగా అడగండి. సందేహాలుంటే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ వారి 1097 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

టెనోఫోవిర్ ఆపాక, హీమోగ్లోబిన్ బాగానే ఉన్నందున డాక్టరమ్మగారు, రక్తహీనత తేగల జిడోవుడిన్ ఉన్న మిశ్రమానికే మార్చారు. క్రియాటినిన్ 1.5కి దిగింది. నేను సంస్థకు ఒక ఉత్తరం రాసి, 57:01 ఉన్న ప్రతి నివేదికలోనూ అబాకవిర్ హెచ్చరిక మొదటి పేజీలోనే వేయాలని, అంతకు ముందు ఇదే ఫలితం అందుకున్నవారందరికీ ఆ సంగతి తెలియజేయాలని కోరాను. మూడు వారాలకు సవరించిన నివేదిక వచ్చింది. 19వ పేజీ పట్టిక కింద నక్షత్రం గుర్తు పెట్టి ఒక కొత్త వాక్యం చేర్చారు. అది ఇంగ్లీషులో ఉంది, చదవడానికి నాకు భూతద్దం కావలసి వచ్చింది. ముందు పేజీలోని పట్టీ ఇంకా ఆకుపచ్చగానే ఉంది.